పిల్లలకు యేసు పేరు: అర్థం ముందా, శక్తి ముందా?

క్లుప్తంగా

కర్నూలు, అనంతపురం, కడప వైపు క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలకు మాటలు వచ్చీ రాగానే నోటికి పట్టేది యేసు నామంతో ముగిసే ప్రార్థన. ఆ పేరుకు అర్థం ఏమిటో, ఎవరు ఎందుకు పెట్టారో మాత్రం చాలా ఆలస్యంగా తెలుస్తుంది, కొందరికి తెలియనే తెలియదు. ఈ వరస తారుమారు కావడం వల్ల చిన్నపిల్లలు పేరును మంత్రంలా అనుకుంటారు, అడిగింది జరగకపోతే తప్పు తమదేనని బెంగపడతారు, కాస్త పెద్దయ్యాక ఫోన్‌లో ఎవరో 'యేసు అని పిలవడమే తప్పు' అంటే తడబడతారు. ముందు పేరు వెనకున్న కథ, తర్వాతే శక్తి మాట అన్న వరసలో చెబితే ఈ చిక్కులు చాలావరకు తగ్గుతాయి.

పది రోజుల్లో ఒక రోజు

ఏప్రిల్ చివర్లో బడులు మూసేసరికి సీమలో ఎండ మండిపోతుంటుంది, అందుకే ఇక్కడి చర్చీల్లో వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్, అంటే సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడి) తరగతులు పొద్దున్నే మొదలై ఎండ ముదరకముందే ముగుస్తాయి. వారం నుంచి పది రోజులు నడుస్తాయి. యాక్షన్ సాంగ్స్, ఒక కథ, ఒక కంఠత వాక్యం, రంగు కాగితాలతో ఏదో ఒక క్రాఫ్ట్, ఆఖరి రోజు తల్లిదండ్రుల ముందు ప్రోగ్రామ్. నేర్పేవాళ్లలో ఎక్కువమంది ఇంటరో డిగ్రీయో చదువుతున్న సంఘపు పిల్లలే. చేతిలో ఒక పుస్తకం ఉంటుంది, ముందు ట్రైనింగ్ అని ఒక పూట జరుగుతుంది, అంతకుమించి తయారవడానికి టైమ్ ఉండదు. యేసు పేరు గురించిన పాఠం కూడా అందులో ఒక రోజుకి సర్దుకుపోవాల్సిందే.

ఆ రోజు నేర్పే వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే, మత్తయి సువార్త 1వ అధ్యాయం 21వ వచనం: 'తన ప్రజలను వారి పాపములనుండి ఆయనే రక్షించును గనుక ఆయనకు యేసు అను పేరు పెట్టుదువనెను.' పిల్లలు దీన్ని గడగడా అప్పజెప్పేస్తారు. డిసెంబరులో క్రిస్మస్ డ్రామాలో తెల్లబట్టలేసుకుని అట్టముక్కల రెక్కలు కట్టుకున్న దూత యోసేపుకు చెప్పే డైలాగు కూడా ఇదే. ఇందులో 'గనుక' అనే మాట మీదే మొత్తం పాఠం నిలబడి ఉంది. రక్షిస్తాడు కాబట్టి ఆ పేరు. కానీ తెలుగులో ఎన్నిసార్లు చదివినా పేరుకీ పనికీ ఉన్న ఆ లంకె దొరకదు, ఎందుకంటే 'యేసు' అన్న మాటలో రక్షించడం అనే అర్థం తెలుగు చెవికి వినపడదు. మత్తయిని మొదట చదివినవాళ్లలో హెబ్రీ తెలిసినవాళ్లకు అది వెంటనే తగిలేది. ఇక్కడ టీచర్ విడమరిచి చెబితేనే ఉంది, లేకపోతే వాక్యం నోటికి వస్తుంది, కారణం జారిపోతుంది.

కంఠతా పట్టించడం తప్పేమీ కాదు. సండే స్కూల్ అనేదే చదువు రాని పిల్లల కోసం పుట్టింది. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ మొదలుపెట్టిన ఆదివారం బడిలో వారమంతా పనిచేసే పిల్లలకు అక్షరాలతో పాటు వాక్యాలూ నేర్పేవారు, వల్లెవేయడం అక్కడ అవసరం. మన వీధిబడుల పద్ధతీ అదే కాబట్టి ఇక్కడ ఇంకా సులువుగా అతుక్కుపోయింది. చిక్కల్లా వల్లెవేసిన తర్వాత 'ఇంతకీ ఇదేంటి?' అని అడిగే ఘట్టం రాకుండానే బహుమతి ఇచ్చేయడంలో ఉంది.

యేషూవ నుంచి యేసు దాకా

పెద్దపిల్లలను ఎక్కువ గందరగోళపెడుతున్నది ఉచ్చారణ గొడవ. యూట్యూబ్‌లో 'యేసు అనకూడదు, హెబ్రీలో ఉన్నట్టే పిలవాలి, జీసస్ అనేది గ్రీకు దేవుడు జియస్ పేరు' అని చెప్పే ప్రసంగాలు తెలుగులోనూ దొరుకుతాయి. తొమ్మిదో తరగతి పిల్ల అది విని ఇంట్లో అడిగితే తల్లిదండ్రుల దగ్గర జవాబు ఉండదు, 'అలాంటివి చూడొద్దు' అంటారు. కానీ జవాబు ఉంది, పైగా ఆసక్తిగానే ఉంటుంది.

యెహోషువ అనే హెబ్రీ పేరుకు 'యెహోవా రక్షిస్తాడు' లేదా 'యెహోవాయే రక్షణ' అని అర్థం చెబుతారు. సంఖ్యాకాండం 13వ అధ్యాయంలో మోషే కనాను దేశాన్ని చూసి రమ్మని పన్నెండు మందిని పంపుతూ నూను కొడుకు హోషేయకు ఈ పేరు పెడతాడు. మోషే తర్వాత జనాన్ని ఆ దేశంలోకి నడిపించింది ఆయనే. బబులోను చెర నుంచి యూదులు తిరిగొచ్చిన కాలానికి ఆ పేరు వాడుకలో కురచై యేషూవ అయింది. ఎజ్రా గ్రంథం 2వ అధ్యాయంలో జెరుబ్బాబెలుతో కలిసి వచ్చినవాళ్లలో ఒక యేషూవ కనిపిస్తాడు. నజరేతులో మరియ కొడుకును ఇరుగుపొరుగు పిలిచింది కూడా ఈ రూపంలోనో, దీనికి చాలా దగ్గరగానో ఉండాలి.

గ్రీకులో 'ష' ధ్వని లేదు, అది 'స' అయింది. చివర గొంతులోంచి పలికే హెబ్రీ అక్షరానికి గ్రీకులో జోడీ లేదు, అది రాలిపోయింది. మగవాళ్ల పేర్ల చివర 'స్' చేర్చడం గ్రీకు వ్యాకరణానికి అలవాటు. అలా యేషూవ ఇయేసూస్ అయింది, లాటిన్‌లో ఇయేసుస్. ఇంగ్లీషులో 'జె' అనే అక్షరం 'ఐ' నుంచి విడిపోయి కుదురుకున్నది 17వ శతాబ్దంలో. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో కూడా ఈ పేరు 'ఐ'తోనే మొదలవుతుంది. తెలుగు ఆ చివరి 'స్'ను వదిలేసింది. సిరియాక్ క్రైస్తవులు ఈషో అన్నారు, అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు యసూ అంటారు, ఖురాన్‌లో ఈసా అని ఉంటుంది. మన కథోలిక కుటుంబాల్లో జేసుదాసు లాంటి పేర్లలో ఇంకో రూపం మిగిలింది. కాబట్టి ఇంగ్లీషు మీడియం బడిలో జీసస్, ఇంట్లో యేసయ్య, దర్గా వీధిలో స్నేహితుడి నోట ఈసా అని విన్న పిల్లవాడు వింటున్నది ఒకే పేరు, వేర్వేరు దారుల్లో వచ్చింది.

జియస్ వాదన నిలబడకపోవడానికి తేదీలు చాలు. పాత నిబంధనను గ్రీకులోకి తెచ్చిన యూదులు యేసు పుట్టడానికి రెండు శతాబ్దాల ముందే యెహోషువ పేరును ఇయేసూస్ అని రాశారు. విగ్రహాల మాట ఎత్తితేనే మండిపడే ఆ యూదులు తమ నాయకుడి పేరును జియస్ నుంచి తెచ్చుకున్నారనడం కుదరదు, గ్రీకు అక్షరాల్లో కూడా ఆ రెండు పేర్లకు పోలిక లేదు. ఇక కొత్త నిబంధన రాసినవాళ్లే గ్రీకు రూపం వాడారు. హెబ్రీ ఉచ్చారణ లేకపోతే ప్రార్థన చెల్లదని వాళ్లు అనుకుని ఉంటే అలా రాసేవాళ్లు కాదు.

మన తెలుగు బైబిల్లో ఇంకో తమాషా జరిగింది. పాత నిబంధన పేర్లు హెబ్రీ వాసనతో, కొత్త నిబంధన పేరు గ్రీకు వాసనతో రావడం వల్ల యెహోషువ, యేసు అనేవి రెండు సంబంధం లేని పేర్లలా కనిపిస్తాయి. హెబ్రీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం 8వ వచనంలో యెహోషువ ప్రస్తావన వచ్చినచోట గ్రీకు మూలంలో ఉన్నది యేసుకు రాసే అక్షరాలే. ఈ ఒక్క సంగతి పెద్దపిల్లలకు చెబితే పాత నిబంధన కథ, కొత్త నిబంధన కథ వాళ్లకై వాళ్లే కలుపుకుంటారు.

ఊళ్లో నలుగురు ఓబులేసులు

పేరులోనే ఏదో విశేషం ఉందని, ఆ పేరు ఇంకెవరికీ లేదని పిల్లలు అనుకోవడం సహజం. మొదటి శతాబ్దపు యూదుల్లో అది చాలా మామూలు పేరు. అహోబిలం చుట్టుపక్కల ఊళ్లలో ఒకే వీధిలో నలుగురు ఓబులేసులుంటే ఇంటిపేరుతోనో తండ్రి పేరుతోనో గుర్తుపట్టినట్టు, అక్కడా ఊరి పేరు కలిపి నజరేయుడైన యేసు అనేవారు. యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాతల్లో అదే పేరున్నవాళ్లు చాలామంది తగులుతారు. కొలస్సయులకు రాసిన పత్రిక చివర పౌలుతో ఉన్నవాళ్లలో యూస్తు అనే యేసు ఒకడున్నాడు. మత్తయి సువార్త రాతప్రతులు కొన్నిట్లో, యేసుకు బదులు జనం విడిపించుకున్న ఖైదీ బరబ్బ పేరు కూడా యేసు బరబ్బ అనే ఉంది, అంటే రోమా గవర్నరు పిలాతు ముందు జనం ఇద్దరు యేసుల్లో ఒకరిని కోరుకున్నారన్నమాట. (ఓబులేసు చివర వినపడే 'ఏసు'కీ యేసుకీ చుట్టరికం లేదు, అది అహోబిలేశుడిలోని ఈశ శబ్దం. రెండూ ఒకటేనని చెప్పేవాళ్లున్నారు, భాషాపరంగా దానికి ఆధారం లేదు.)

దీనివల్ల పేరు విలువ తగ్గిపోతుందేమోనని కొందరు టీచర్లు ఈ సంగతి దాటవేస్తారు. నిజానికి ఇక్కడే పాఠం గట్టిపడుతుంది. ఆ పేరున్న అందరూ రక్షకులు కారు, ఆ పేరుకు తగ్గట్టు బతికి, చనిపోయి, లేచిన వ్యక్తి వల్ల ఆ పేరుకు ఘనత వచ్చిందన్నది క్రైస్తవుల నమ్మకం. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో 'ప్రతి నామమునకు పైనామము' అనే మాట వచ్చేది, ఆయన తగ్గించుకుని సిలువ మరణం పొందాడని చెప్పిన తర్వాతే, 'అందుచేత' అని మొదలవుతుంది. అక్కడా కారణం ముందు, ఘనత తర్వాత.

క్రీస్తు అనేది ఇంటిపేరని అనుకునే పిల్లలు కూడా ఉంటారు, పెద్దలూ ఉంటారు. అది అభిషేకం పొందినవాడు అని చెప్పే బిరుదు, హెబ్రీ మెస్సీయకు గ్రీకు రూపం. ఇక దూత 'యేసు' అన్నాడు కదా, రెండు వచనాల కింద 'ఇమ్మానుయేలు' అని ఎందుకుందని అడిగే పిల్లవాడు తరగతికి ఒకడైనా దొరుకుతాడు. ఇంట్లో పిలిచే పేరు యేసు, యెషయా గ్రంథంలోని ఇమ్మానుయేలు ఆయన ఎలాంటివాడో చెప్పే మాట, 'దేవుడు మనకు తోడు' అని మత్తయే అర్థం చెప్పాడు.

సీమ పిల్లల చెవికి వినపడేది

బైబిలు తెలుగుకీ ఇంట్లో తెలుగుకీ మధ్య దూరం పెద్దది. 'యాడికి పోతాండావు' అనే పిల్లవాడికి 'పెట్టుదువనెను' అనేది పరాయి భాషతో సమానం. అర్థం కాని మాటల కంటే తప్పుగా అర్థమయ్యే మాటలతో ఎక్కువ ఇబ్బంది. 'పాపం' అంటే ఇంట్లో 'అయ్యో పాపం' అనే జాలి మాట. 'నామం' అంటే వెంకన్నస్వామి నుదుటి నామాలు, లేదా ఎవరినైనా మోసం చేస్తే 'నామం పెట్టినాడు' అనే ఎగతాళి. 'రక్షణ' అంటే పోలీసులు గుర్తొస్తారు. 'యేసు నామమున పాపముల నుండి రక్షణ' అనే వాక్యంలో మూడు ముఖ్యమైన మాటలూ ఇలా పక్కదారి పట్టగలవి. ఐదారేళ్ల పిల్లల తరగతిలో 'యేసు అంటే కాపాడేవాడు, మనం చేసిన చెడ్డపనుల నుంచి కూడా కాపాడేవాడు' అని మొదలుపెట్టి, వాక్యం తర్వాత చెప్పడం మేలు. కంఠత వాక్యం మార్చక్కర్లేదు, పక్కన ఇంటి భాషలో ఒక ముక్క ఉంటే చాలు.

నామంలో శక్తి అన్నప్పుడు పిల్లలు ఏం వింటారు

ఇంట్లో రోజూ ప్రార్థన 'యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్' అని ముగుస్తుంది. ఆటో వెనక 'యేసు నామమే జయం' అని స్టిక్కరు ఉంటుంది. జ్వరం వస్తే పాస్టర్ గారు తల మీద చెయ్యి పెట్టి గట్టిగా యేసు నామం పలుకుతారు. చీకట్లో బాత్‌రూమ్‌కి పోవడానికి భయపడితే నాయనమ్మ 'యేసయ్యా యేసయ్యా అనుకుంటా పో' అంటుంది. వీటిలో దేనినీ తప్పుపట్టక్కర్లేదు, పెద్దలకు వీటి వెనక ఏముందో తెలుసు. పిల్లల మనసు మాత్రం వేరేలా పనిచేస్తుంది.

డీఎస్సీకి చదివినవాళ్లందరికీ పియాజె తెలుసు. ఏడేళ్ల లోపు పిల్లలు పేరును ఆ వస్తువులో భాగంగానే చూస్తారని ఆ స్విస్ మనస్తత్వవేత్త గమనించాడు. సూర్యుణ్ని చంద్రుడని పిలవచ్చా అని అడిగితే చిన్నపిల్లలు కుదరదంటారు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో పేరు ఎవరో పెట్టింది కాదు, అందులోనే ఉంది. ఆ వయసులో 'ఈ పేరులో శక్తి ఉంది' అని చెబితే శక్తి ఆ శబ్దంలోనే ఉందని పిల్లలు నమ్ముతారు. మూర్త ప్రచాలక దశ, అంటే ఏడు నుంచి పదకొండేళ్ల దాకా, పేరు వేరు మనిషి వేరు అని మెల్లగా తెలుస్తుంది గానీ శక్తి, అధికారం లాంటి కంటికి కనపడని సంగతులు అప్పటికీ కష్టమే.

సీమలో దీనికి తోడయ్యే సంగతి ఒకటుంది. పిల్లవాడు దడుచుకుంటే దర్గాకు తీసుకెళ్లి ఊదించుకు రావడం, తాయెత్తు కట్టించడం, నిమ్మకాయ దిష్టి తీయడం ఇక్కడ అన్ని మతాల ఇళ్లలోనూ మామూలే. ఆ వాతావరణంలో పెరిగే పిల్లవాడు యేసు నామాన్ని కూడా అదే వరసలో, ఇంకాస్త పవర్ ఉన్న తాయెత్తులా సర్దుకుంటాడు. నేర్పినవాళ్ల ఉద్దేశం అది కాకపోవచ్చు, కానీ పిల్లవాడి బుర్రలో ఖాళీగా ఉన్న గడి అదే.

ఫలితం ఎప్పుడు బయటపడుతుందంటే, అడిగింది జరగనప్పుడు. అవ్వకు నయం కావాలని యేసు నామంలో అడిగారు, అవ్వ చనిపోయింది. వాన రావాలని అడిగారు, రాలేదు, ఆ ఏడు వేరుశనగ ఎండిపోయింది. పెద్దలు 'దేవుని చిత్తం' అని సర్దుకుంటారు. మంత్రంలా నేర్చుకున్న పిల్లవాడికి దొరికే వివరణలు రెండే. నేను సరిగ్గా పలకలేదు, లేదా ఆ పేరు పనిచేయదు. మొదటిది పిల్లల్లో అపరాధభావం నింపుతుంది, రెండోది పదిహేనేళ్లొచ్చేసరికి చర్చి వైపు రాకుండా చేస్తుంది. 'యేసు నామం బ్లాంక్ చెక్కు లాంటిది, ఎంత రాసుకుంటే అంత' అని కొందరు చెప్పే పోలిక ఈ రెండు ప్రమాదాలనూ పెంచుతుంది. యోహాను సువార్త 14వ అధ్యాయంలో 'నా నామమున మీరేమి అడిగినను' అన్న మాట ఉన్నమాట నిజమే, కానీ దాని పక్కనే ఆయన ఆజ్ఞలు గైకొనడం గురించీ ఉంది. ఒకరి పేరు మీద అడగడమంటే వాళ్ల తరఫున, వాళ్లు ఒప్పుకునేదే అడగడం. 'యేసయ్య పక్కన నిలబడి ఉంటే ఇది అడుగుతావా?' అని అడిగితే ఎనిమిదేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది.

బైబిల్లోనే దీనికి సరిపోయే కథ ఉంది, సండే స్కూల్ పుస్తకాలు దాన్ని పెద్దగా ముట్టుకోవు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఎఫెసు పట్టణంలో స్కెవ అనే యాజకుడి కొడుకులు ఏడుగురు యేసు పేరును దయ్యాలు వదిలించే మంత్రంలా వాడబోతారు. దయ్యం పట్టినవాడు, యేసు తెలుసు, పౌలు తెలుసు, మీరెవరని అడిగి మీదపడి కొడితే బట్టలు కూడా లేకుండా పారిపోతారు. పిల్లలు పడీపడీ నవ్వే కథ ఇది. అదే పేరును పేతురు 3వ అధ్యాయంలో కుంటివాడి దగ్గర పలికాడు, వాడు లేచి నడిచాడు. రెండు కథలూ పక్కపక్కన పెడితే ఉపన్యాసం అక్కర్లేకుండానే తేడా తెలిసిపోతుంది: ఒకచోట ఆయనతో సంబంధం ఉంది, ఇంకోచోట అరువు తెచ్చుకున్న శబ్దం ఉంది.

పది ఆజ్ఞల పట్టికలోని 'వ్యర్థముగా ఉచ్చరింపకూడదు' అనే మాటా ఇక్కడికే వస్తుంది. గోలీల ఆటలో 'యేసయ్య మీద ఒట్టు' అన్న పిల్లవాడిని కసరడం కంటే, పేరు ఒక మనిషిదని, ఆ మనిషి వింటున్నాడని గుర్తుచేస్తే చాలు.

ఒక్కో సంఘానిది ఒక్కో పద్ధతి

ఈ ప్రాంతంలో క్రైస్తవం ఒకే చేతి మీదుగా రాలేదు. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు వైపు ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ పనిచేసింది, కర్నూలుకు 1870ల్లో అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు లండన్ మిషన్ సంఘాలు అందులో కలిశాయి, నంద్యాల ఆంగ్లికన్లు అప్పుడు కలవలేదు, చాలా ఏళ్ల తర్వాత చేరారు. కథోలికులకు 1967లో కర్నూలు మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం), 1976లో కడప మేత్రాసనం ఏర్పడ్డాయి. ఇప్పుడు ప్రతి కాలనీలోనూ పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలున్నాయి.

అందుకే యేసు పేరు నేర్పడంలో నొక్కు ఒక్కోచోట ఒక్కోలా పడుతుంది. కథోలికుల జ్ఞానోపదేశంలో, అంటే పిల్లలకు చెప్పే మతపాఠాల్లో, పేరు పట్ల గౌరవం ముందు వస్తుంది, ఆ పేరు వినగానే తల వంచడం పాత అలవాటు. బలిపీఠం గుడ్డల మీద కనిపించే ఐ.హెచ్.ఎస్. అనే అక్షరాలు కూడా ఈ పేరే, గ్రీకు స్పెల్లింగులో మొదటి మూడు అక్షరాలు. 15వ శతాబ్దంలో సియెనా బెర్నార్డిను ఆ గుర్తును ఊరూరా ప్రచారం చేశాడు, తర్వాత జెజ్విట్లు అనే కథోలిక గురువుల సభవాళ్లు తమ ముద్రగా తీసుకున్నారు. సి.ఎస్.ఐ., బాప్టిస్టు సండే స్కూళ్లలో వాక్యం, అర్థం మీద నొక్కు. పెంతెకొస్తు సంఘాల్లో స్వస్థత, విడుదల మీద, అంటే శక్తి మీద నొక్కు. పెద్దలకు ఇవి మూడూ ఒకదాన్ని ఒకటి నింపుకుంటాయి, కానీ ఒకే సంఘంలో పెరిగే పిల్లవాడికి ఒక్కటే అందుతుంది.

బాప్తిస్మం విషయంలో తేడా ఇంకా గట్టిది. మత్తయి 28వ అధ్యాయంలో తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున అని ఉంది, అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో యేసుక్రీస్తు నామమున అని ఉంది. ఏది పలకాలన్న దాని మీద అమెరికా పెంతెకొస్తువారు 1916 నాటికి రెండుగా చీలిపోయారు, ఆ రెండు వైపులవాళ్లూ తెలుగు నేలకు వచ్చారు. మేనమామ కొడుకు చర్చిలో ఒకటి, తన చర్చిలో ఒకటి విన్న పిల్లకు 'వాళ్లది తప్పు' అనే మాట ఒక్కటే అందితే ఆ పేరు ప్రేమకు బదులు గొడవతో ముడిపడుతుంది. రెండు వచనాలూ చూపించి, మన సంఘం దీన్ని ఇలా అర్థం చేసుకుందని చెప్పడం పన్నెండేళ్లు దాటినవాళ్లకు సరిపోతుంది. అంతకంటే చిన్నవాళ్లకు అసలు అవసరం లేదు.

పక్కింటి నామాలు

కడపలోనో కర్నూలు పాతబస్తీలోనో పెరిగే క్రైస్తవ పిల్లవాడి స్నేహితుల్లో ముస్లింలు, హిందువులు తప్పకుండా ఉంటారు. ముస్లిం స్నేహితుడు ఈసా అలైహిస్సలాం అని గౌరవంగానే అంటాడు. ఖురాన్‌లో మర్యం కొడుకు ఈసా పేరు చాలాచోట్ల వస్తుంది, మర్యం పేరుతో ఒక సూరానే (అధ్యాయమే) ఉంది. ఆయన దేవుని కుమారుడని, సిలువ మీద చనిపోయాడని మాత్రం ముస్లింలు ఒప్పుకోరు. ఇంకోవైపు అన్నమయ్య పుట్టిన తాళ్లపాక కడప ప్రాంతంలోనే ఉంది, నామసంకీర్తన ఇక్కడి గాలిలోనే ఉంది. భక్తి సంప్రదాయంలో నామం పలకడమే సాధన, నామానికీ స్వామికీ తేడా లేదంటారు. ప్రొటెస్టెంటు బోధలో పదేపదే పలకడానికి అంత చోటు లేదు, కానీ తూర్పు ఆర్థడాక్సు క్రైస్తవుల్లో యేసు పేరుతో ఒకే చిన్న ప్రార్థనను ఊపిరితో కలిపి జపించే పద్ధతి శతాబ్దాలుగా ఉంది. కాబట్టి 'మనం జపించం, వాళ్లు జపిస్తారు' అని గీత గీసి చెప్పడం చరిత్రకు సరిపడదు.

తేడాలు దాచితే పిల్లవాడు బయట వేరేలా తెలుసుకుంటాడు, ఎగతాళిగా చెబితే బడిలో స్నేహితుడితో తగువు పెట్టుకుంటాడు. ఎవరు ఏం నమ్ముతారో ఉన్నదున్నట్టు చెప్పగలిగిన టీచర్ దొరకడం ఇక్కడ కాస్త అరుదే.

ఏ వయసుకు ఎంత

ఆరేళ్ల లోపు కథ, పేరు, అంతే. మార్కు సువార్త 10వ అధ్యాయంలో గుడ్డివాడు బర్తిమయి దారి పక్క కూర్చుని యేసు పేరు పెట్టి కేకలేస్తాడు, జనం నోరు మూయమంటారు, ఆయన ఆగి పిలిపిస్తాడు. పేరు పెట్టి పిలిస్తే ఆగే మనిషి అని పిల్లలకు తెలియడానికి ఇంతకంటే మంచి కథ లేదు. ఏడు నుంచి పదకొండు మధ్య పేరుకు అర్థం చెప్పాలి, చెప్పడానికి పిల్లల సొంత పేర్లే దొరుకుతాయి. ఏసన్న, సువార్తమ్మ, దేవదాసు, కృపమ్మ, ఏసేపు అని తాతముత్తాతల పేర్లు ప్రతి ఇంట్లో ఉంటాయి, ఆ పేరు ఎవరు ఎందుకు పెట్టారో ఇంట్లో అడిగి రమ్మంటే పిల్లలు కథలు మోసుకొస్తారు. ఆ తర్వాత హోషేయకు మోషే పేరు మార్చిన సంగతి, సీమోను పేతురైన సంగతి చెబితే బైబిల్లో పేరంటే పనిని చెప్పే మాట అని వాళ్లకే తడుతుంది. లూకా 23వ అధ్యాయంలో సిలువ మీద దొంగ 'యేసూ' అని పిలిచిన సన్నివేశం ఈ వయసుకు సరిగ్గా సరిపోతుంది, రక్షించేవాడు అన్న పేరు తనను తాను రక్షించుకోని చోట నిజమైందని. పన్నెండు దాటాక భాష, చరిత్ర, వేరే మతాల మాట, యూట్యూబ్ వాదనలు అన్నీ బల్ల మీద పెట్టవచ్చు. స్కెవ కొడుకుల కథ మాత్రం ఏ వయసుకైనా చెల్లుతుంది.

బడి వేరు, సండే స్కూల్ వేరు

మిషన్ బడుల్లో చదివే పిల్లల్లో క్రైస్తవేతరులే ఎక్కువ కాబట్టి ఈ ప్రశ్న తరచూ వస్తుంది. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ కుదరదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సాయం అందుకునే బడిలో పిల్లవాడిని మతబోధకు కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి. అందుకే చాలా కథోలిక బడుల్లో కథోలిక పిల్లలకు జ్ఞానోపదేశం, మిగతావాళ్లకు మోరల్ సైన్స్ అని విడిగా పెడతారు. ఈ వ్యాసంలో చెప్పినదంతా ఇల్లు, సండే స్కూల్, వి.బి.ఎస్. వరకే.

క్యాలెండర్‌లో ఉన్న రోజు

లూకా సువార్త 2వ అధ్యాయం ప్రకారం శిశువుకు యేసు అని పేరు పెట్టింది ఎనిమిదో రోజున. డిసెంబరు 25 నుంచి లెక్కేస్తే అది జనవరి 1. ఆంగ్లికన్ క్యాలెండర్‌లో ఆ రోజు యేసు పేరు పెట్టిన పండుగ, కథోలికులు జనవరి 3న యేసు పరిశుద్ధ నామాన్ని స్మరిస్తారు, 1969లో క్యాలెండర్ నుంచి తీసేసిన ఆ స్మరణను 2002లో తిరిగి చేర్చారు. మన దగ్గర డిసెంబరు 31 రాత్రి చర్చీలు కిక్కిరిసిపోతాయి, పన్నెండు దాటగానే వాగ్దాన వాక్యం కార్డులు పంచుతారు, ఎవరికి ఏ వాక్యం వచ్చిందని పిల్లలు కూడా ఆత్రంగా చూసుకుంటారు. ఆ రోజు పేరు పెట్టిన రోజని చెప్పే సంఘాలు తక్కువ. కార్డు వెనక వైపు ఎలాగూ ఖాళీగానే ఉంటుంది, మత్తయి 1:21ని ఇంటి తెలుగులో ఒక లైను అక్కడ అచ్చేయించడానికి ప్రెస్సువాళ్లు ఏమంత ఎక్కువ తీసుకోరు.